బాగ్దాద్ స్నేహితురాలిని వెతికిపెట్టమంటోంది అవ్వ, ఏం చెయ్యను?

ప్రశ్న: మాది జగిత్యాల దగ్గర ఒక ఊరు. కొన్నేళ్ళుగా ఇజ్రాయెల్‌లో, రమత్ గన్‌లో కేర్‌గివర్‌గా పనిచేస్తున్నాను. నేను చూసుకునే అవ్వకు 88 ఏళ్ళు. వాళ్ళు యూదులు. అవ్వ బాగ్దాద్‌లో పుట్టి, 1951లో పదమూడు పద్నాలుగేళ్ళ వయసులో అమ్మానాన్నలతో ఇక్కడికి వచ్చింది. అక్కడ పక్కింటి ముస్లిం అమ్మాయి ఆమెకు ప్రాణస్నేహితురాలట. ఇద్దరూ కలిసి దిగిన ఫొటో ఇప్పటికీ దిండు కింద పెట్టుకుంటుంది. "ఒక్కసారి దాని గొంతు వినాలి, నీ ఫోన్‌లో వెతుకు" అని నా ప్రాణం తీస్తోంది. మర్నాడు అదే మనిషి మీద కోపంతో ఊగిపోతుంది. వీళ్ళు ఊరు వదిలిన రోజు ఆ అమ్మాయి గడప దాటి బయటికి రాలేదట. వాళ్ళ నాన్నేమో వీళ్ళ కుట్టుమిషన్, తివాచీలు కారుచౌకగా కొనుక్కున్నాడట. అవ్వ కొడుకు "మమ్మల్ని వెళ్ళగొట్టినవాళ్ళతో ఇంకా ఏం స్నేహం? ఆ మాటలు ఎత్తనివ్వకు" అంటాడు. ఫేస్‌బుక్‌లో పాత బాగ్దాద్ ఫొటోల గ్రూపులు చాలా కనిపిస్తున్నాయి. ఫొటో పెట్టి అడగనా? కొడుక్కి చెప్పకుండా చెయ్యొచ్చా? రాత్రిళ్ళు అవ్వ ఒక్కోసారి నన్నే ఆ స్నేహితురాలనుకుని "ఎందుకు రాలేదే?" అని నిలదీస్తుంది. అప్పుడు ఏం చెప్పాలో నాకు తోచదు.

– ఒక సోదరి, రమత్ గన్

సమాధానం: ముందు ఫేస్‌బుక్ సంగతి తేల్చేద్దాం. మిగతావి నాలుగు రోజులు ఆగినా ఫర్వాలేదు, ఇది ఆగదు. ఆ ఫొటో పెట్టకండి. మీ పేరుతో వద్దు, అవ్వ పేరుతో వద్దు, దొంగ అకౌంట్‌తో అసలే వద్దు.

మీ దృష్టిలో అది ఒక ముసలామె చిన్ననాటి స్నేహితురాలిని వెతుక్కోవడం. బాగ్దాద్‌లో ఫోన్ తెరిచి చూసేవాళ్ళకు మాత్రం అది ఇజ్రాయెల్ నుంచి వచ్చిన కబురు. 2022 మే నెలలో ఇరాక్ పార్లమెంటు ఒక చట్టం చేసింది. ఇజ్రాయెల్‌తో ఏ రకమైన సంబంధం పెట్టుకున్నా నేరమే. శిక్ష యావజ్జీవం, లేదా మరణశిక్ష. 329 మంది సభ్యుల సభలో 275 మంది దానికి ఓటేశారు. దేశం బయట ఉంటున్న ఇరాకీయులను కూడా ఆ చట్టం వదల్లేదు. ప్రతి పలకరింపుకీ కేసు పెడతారని నేను అనడం లేదు. కానీ కేసు దాకా పోనక్కర్లేదు కదా. ఆ స్నేహితురాలు బతికి ఉంటే ఆమెకూ తొంభై దగ్గర పడుతుంటాయి, ఫేస్‌బుక్ చూసేది ఆమె కాదు. మనవడు చూస్తాడు. అతనికి ప్రభుత్వ ఉద్యోగం ఉండొచ్చు. ఆ వీధిలో అతనంటే పడనివాడు ఒకడు ఉండొచ్చు. మీ పోస్టు కింద "ఈ అమ్మాయి మా నానమ్మే" అని అతను ఒక్క ముక్క రాస్తే, ఆ స్క్రీన్‌షాట్ ఎవరి చేతికి పోతుందో మీకూ తెలియదు, నాకూ తెలియదు. అవ్వ ముచ్చట తీర్చబోయి ఆ ఇంటికి చేటు తెచ్చినవాళ్ళం అవుతాం.

ఇక అవ్వ కోపం. మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్నది ఇదే. ఈ వయసులో మనుషులు చాలా మర్చిపోతారు, కానీ ఒక పిల్ల గడప దాటకపోవడం ఈమెకు డెబ్బై ఏళ్ళ పైబడి గుర్తుంది. ఆ పిల్ల ఎందుకు రాలేదో మనం తేల్చలేం. కానీ ఆ రోజుల్లో ఆ ఊళ్ళో గడప దాటడమంటే ఏమిటో చెప్పగలను. అది తెలిస్తే, అవ్వ చెప్పేది వినడం మీకు కొంచెం సులువవుతుంది.

ఆ ఇద్దరూ పుట్టిన బాగ్దాద్‌లో యూదులు ఏదో మూల బతికే కొద్దిమంది కాదు. బజారులో, బ్యాంకుల్లో, ఆఫీసుల్లో అంతటా వాళ్ళున్నారు. ఇరాక్ తొలి ఆర్థికమంత్రి ససూన్ ఎస్కెల్ యూదుడు. 1932లో కైరోలో అరబ్ సంగీత మహాసభ జరిగితే ఇరాక్ తరఫున వెళ్ళిన గాయకుడు ముహమ్మద్ అల్ కుబ్బాంచీ ముస్లిం, ఆయన వెనక వాయించినవాళ్ళంతా యూదులు. సబ్బాతు రోజు, అంటే వారంలో యూదుల విశ్రాంతి దినాన, నిప్పు ముట్టకూడదు గనక పొరుగు ముస్లింల పిల్లలు వచ్చి యూదుల ఇంట్లో పొయ్యి వెలిగించి పోవడం మామూలు. ఎండాకాలం అందరి పడకలూ మేడల మీదే, కాబట్టి పిల్లల కబుర్లు ఈ పిట్టగోడ మీంచి ఆ పిట్టగోడ మీదికి నడిచేవి. (అవ్వ తినే అంబా సంగతి కూడా అడగండి. ఆ మామిడి పచ్చడి బొంబాయికి వ్యాపారానికి వచ్చిన బాగ్దాద్ యూదుల ద్వారా అటు చేరిందంటారు. మన మామిడికాయ గురించి చెప్పి చూడండి, ఒక సాయంత్రం ఇట్టే గడిచిపోతుంది.)

అలాగని అంతా పాలూ నీళ్ళలా కలిసి ఉండేవాళ్ళని చెబితే అది కూడా అబద్ధమే. ఈ మధ్య అలా రాసే వ్యాసాలు ఎక్కువయ్యాయి, నాకు అవి చదవబుద్ధి కాదు. 1941 జూన్ 1, 2 తేదీల్లో, సరిగ్గా యూదుల పండగ రోజున, బాగ్దాద్‌లో గుంపులు యూదుల ఇళ్ళ మీద పడ్డాయి. దాన్ని ఫర్హూద్ అంటారు. సుమారు 180 మంది చనిపోయారు, ఇళ్ళూ దుకాణాలూ దోచేశారు. అవ్వకు అప్పటికి మూడు నాలుగేళ్ళు. ఆ రెండు రోజుల్లోనే పొరుగువాళ్ళను తమ ఇంట్లో దాచిపెట్టి, గుమ్మానికి అడ్డం నిలబడ్డ ముస్లింలు ఎందరో ఉన్నారు. గుంపులో దూరినవాళ్ళూ ఆ ఊరివాళ్ళే, అడ్డం నిలిచినవాళ్ళూ ఆ ఊరివాళ్ళే. అవ్వ కుటుంబాన్ని అప్పుడు ఎవరు కాపాడారో ఎప్పుడైనా చెప్పిందా? పక్కింటివాళ్ళేనేమో. అడిగేటప్పుడు మాత్రం మెల్లగా అడగండి.

1948లో ఇజ్రాయెల్ ఏర్పడి యుద్ధం మొదలయ్యాక పరిస్థితి పూర్తిగా తిరగబడింది. యూదులు సర్కారు కొలువుల నుంచి పోయారు, జియోనిజం (యూదులకు సొంత దేశం కావాలనే ఉద్యమం) అనే మాట అంటగడితే చాలు జైలు. ఆ సెప్టెంబరులో బస్రాలో షఫీక్ అదేస్ అనే పెద్ద వ్యాపారిని అతని ఇంటి ముందే ఉరితీశారు. పైవాళ్ళతో పరిచయాలున్న మనిషి, రాజకీయాల జోలికి పోనివాడు. ఇజ్రాయెల్‌కి ఆయుధాలు అమ్మాడని అభియోగం. అదే వ్యాపారంలో అతనికి ముస్లిం భాగస్వాములున్నారు, వాళ్ళ మీద కేసు లేదు. ఈ ఒక్క సంగతి నుంచి ఊరంతా ఏం నేర్చుకుని ఉంటుందో చూడండి. ఎంత పెద్ద స్నేహాలున్నా కాపాడవని యూదులకు అర్థమైంది. చూసీచూడనట్టు ఉంటే తమ జోలికి ఎవరూ రారని ముస్లింలకు అర్థమైంది.

1950 మార్చిలో కొత్త చట్టం వచ్చింది. యూదులు వెళ్ళిపోదలిస్తే వెళ్ళొచ్చు, కానీ పౌరసత్వం వదులుకుని వెళ్ళాలి, మళ్ళీ రావడం ఉండదు. గడువు ఏడాది. కొద్దిమందే పోతారని సర్కారు అనుకుంటే లక్ష దాటిపోయారు. మధ్యలో బాగ్దాద్‌లో యూదులు ఉండే చోట్ల బాంబులు పేలాయి. ఎవరు పెట్టారన్న వాదన ఇప్పటికీ తెగలేదు. సరిగ్గా ఆ గడువు తీరగానే, 1951 మార్చి 10న, వెళ్ళిపోతామని పేర్లు రాయించుకున్నవాళ్ళ ఆస్తులన్నీ స్తంభింపజేస్తూ ఇంకో చట్టం. అప్పటికి వాళ్ళు ఏ దేశపు పౌరులూ కారు, బ్యాంకులో డబ్బు తీసుకోలేరు, ఇల్లు అమ్ముకోలేరు. ఒక పెట్టె సామాను, పెద్దవాళ్ళకు తలకు 50 దీనార్లు, అంతే. విమానాశ్రయంలో ఒంటి మీద నగలు కూడా వెతికారు. మొత్తం మీద 1,20,000 మంది దాకా విమానాలెక్కారు.

కుట్టుమిషన్ సంగతి ఇక్కడ పెట్టి చూడండి. వేల ఇళ్ళ సామాను ఒక్కసారే అమ్మకానికి వస్తే తివాచీకి ధర ఎక్కడుంటుంది? ఆ పక్కింటాయన అవకాశం చూసుకుని కొట్టేశాడా, లేక "ఎవడో దోచుకుపోయే బదులు నువ్వే తీసుకో, ఎంతో కొంత ఇవ్వు" అని అవ్వ నాన్నే బతిమాలాడా? రెండూ జరిగే కాలం అది. ఒకే మనిషి చేతుల్లో రెండూ జరిగి కూడా ఉండొచ్చు. అవ్వకు మాత్రం తమ కుట్టుమిషన్ పక్కింటి గడపలోకి పోవడం కనబడింది. పెద్దవాళ్ళు మాట్లాడుకున్నది ఆ వయసు పిల్లకు ఎవరు చెబుతారు?

బయటికి రాని ఆ స్నేహితురాలికీ అప్పుడు పదమూడో పద్నాలుగో. ఇజ్రాయెల్‌కి పోతున్నవాళ్ళ లారీ దగ్గర నిలబడి కూతురు ఏడిస్తే చూసినవాళ్ళు ఏమనుకుంటారో అని ఏ తండ్రయినా ఆపేస్తాడు. ఇంకో మాట, ఇది అవ్వకు ఎప్పుడూ తట్టి ఉండదు: ఆ పిల్లకి కూడా ఈమె మీద అలక ఉండి ఉండొచ్చు. ఊరు వదలాలని పేర్లు రాయించుకున్న సంగతి చాలా ఇళ్ళల్లో గుట్టుగా ఉంచి ఉంటారు, పిల్లలకు "ఎవరికీ చెప్పకు" అని ఒట్టు పెట్టించి ఉంటారు. రోజూ మేడ మీద కబుర్లు చెప్పిన స్నేహితురాలు తాను వెళ్ళిపోతున్నానని చెప్పనే లేదని ఆ పిల్ల అనుకోదా? ఇలాంటి స్నేహాలు కొట్లాడుకుని తెగినవి కావు. తర్వాత కూర్చుని మాట్లాడుకునే వీలు రెండు దేశాలూ ఇవ్వలేదు. ఉత్తరం లేదు, ఫోను లేదు. ఊళ్ళో పెళ్ళిలోనో చావులోనో ఎదురుపడితే కరిగిపోయే చిన్న అలక, అలా ఎదురుపడే దారి లేక ముదిరి నేరారోపణ అయింది.

కొడుకు గురించి మీరు కొంచెం తేలిగ్గా రాశారనిపించింది. ఆయన మాట కటువే, కానీ అబద్ధం కాదు. వాళ్ళ ఇల్లూ ఆస్తీ నిజంగానే పోయాయి, ఎవరూ తిరిగి ఇవ్వలేదు. ఇజ్రాయెల్‌కి వచ్చాక కూడా వాళ్ళకెవరూ పూలదండలు వెయ్యలేదు. దిగగానే డీడీటీ పొడి చల్లి, మాబరా అనే గుడారాల, రేకుల షెడ్ల శిబిరాలకు పంపారు. బాగ్దాద్‌లో గుమాస్తాలుగా, వ్యాపారులుగా బతికినవాళ్ళు అక్కడ నీళ్ళకు లైన్లలో నిలబడ్డారు. అరబిక్ శత్రువుల భాష అయిపోయింది. ఇంట్లో అరబిక్ పాటలు పెడితే "బయటికి వినిపిస్తుంది, తగ్గించు" అన్న పిల్లలు ఆ తరంలో చాలామంది. 1969 జనవరిలో బాగ్దాద్ నడిబొడ్డున గూఢచారులని చెప్పి పద్నాలుగు మందిని ఉరితీసి, జనానికి చూపించారు. వాళ్ళలో తొమ్మిది మంది యూదులు. ఈ కబుర్ల మధ్య పెరిగిన మనిషికి అమ్మ బాగ్దాద్‌ని తలుచుకుని కన్నీళ్ళు పెట్టుకుంటే ఒళ్ళు మండుతుంది. "అంత చేసినవాళ్ళ కోసమా?" అనిపిస్తుంది. ఆయనతో వాదించకండి, ఆ వాదన మీది కాదు. మీరు గెలిచినా అవ్వకు ఒరిగేదేమీ లేదు.

కానీ ఆయనకు తెలియకుండా ఏదీ చెయ్యొద్దు. మీ వీసా ఆ ఇంటి పనితో ముడిపడి ఉంది. ఈ రోజుల్లో, గాజా యుద్ధం తర్వాత అందరూ ఒకళ్ళనొకళ్ళు అనుమానంగా చూసుకునే చోట, ఒక విదేశీ పనిమనిషి ఫోన్ నుంచి ఇరాక్‌కి మెసేజ్‌లు పోయాయంటే దాన్ని మంచితనంగా ఎవరూ చదవరు. ఏదో ఒక తీరిక వేళ ఆయన్ని కూర్చోబెట్టి సూటిగా చెప్పండి: "అమ్మగారు రోజూ అడుగుతున్నారు, రాత్రిళ్ళు నిద్రపోవడం లేదు. ఇరాక్‌లో ఎవరికీ నేను రాయను. కానీ ఆమె చెప్పేది రికార్డ్ చేద్దామనుకుంటున్నాను, మీరు ఒప్పుకుంటేనే." ఆయన వద్దంటే ఆగండి. మనవరాళ్ళూ మనవళ్ళూ ఉంటే వాళ్ళతో చెప్పించి చూడండి. ఆ తరానికి నానమ్మ బాగ్దాద్ అంటే సిగ్గు లేదు, పైగా సరదా. దావూద్ అల్ కువైతీ అని ఇరాక్ రేడియో తొలినాళ్ళ యూదు వాద్యకారుడు ఒకాయన ఉండేవాడు. ఇజ్రాయెల్‌కి వచ్చాక ఆయన్నీ ఆయన అన్న సాలెహ్‌నీ పట్టించుకున్నవాళ్ళు తక్కువ. ఇప్పుడు ఆయన మనవడు దూదూ తస్సా ఆ పాటల్నే స్టేజీల మీద పాడుతుంటే కుర్రకారు ఎగబడి వింటున్నారు.

రికార్డింగ్ అంటే పెద్ద పనేం కాదు, మీ ఫోన్ చాలు. ఒకటే మాట, ఆమెను హీబ్రూలో చెప్పమనకండి. బాగ్దాద్ యూదుల అరబిక్‌లో చెప్పనివ్వండి, మీకు అర్థం కాకపోయినా సరే. "స్నేహితురాలి గురించి చెప్పు" అని అడిగితే ఏడుస్తుంది, లేదా తిడుతుంది. ఏ మహల్లాలో (పేటలో) ఉండేవాళ్ళు, బడికి ఏ దారిన పోయేవాళ్ళు, మేడ మీద ఎవరి పక్క ఎక్కడుండేది, పండక్కి ఒకరింటి నుంచి ఒకరింటికి ఏం వెళ్ళేది, ఇవి అడగండి. స్నేహితురాలి పూర్తి పేరు, ఆమె తండ్రి పేరు, తాత పేరు రాసి పెట్టుకోండి. అక్కడ మనిషిని అలాగే గుర్తుపడతారు. ఫొటో వెనక ఏదైనా రాసి ఉందేమో కూడా చూడండి. మధ్యమధ్యలో నాజెమ్ అల్ గజాలీ పాటలు యూట్యూబ్‌లో పెట్టండి. ఆయన ముస్లిం, భార్య సలీమా మురాద్ యూదుల అమ్మాయి, అప్పట్లో ఆయనకంటే పెద్ద గాయని. అందరూ వెళ్ళిపోయినా ఆమె బాగ్దాద్‌లోనే ఉండిపోయింది. అవ్వకు వాళ్ళ కథ తప్పక తెలిసి ఉంటుంది, మీకంటే బాగా చెబుతుంది.

మీకు దగ్గర్లోనే ఓర్ యెహుదాలో బాబిలోనియన్ యూదుల వారసత్వ కేంద్రం ఉంది, మ్యూజియంతో సహా. ఇరాక్ నుంచి వచ్చినవాళ్ళ జ్ఞాపకాలూ కాగితాలూ సేకరించడం వాళ్ళ పనే. కొడుకు ఒప్పుకుంటే రికార్డింగ్ కాపీ వాళ్ళకు ఇవ్వొచ్చు. వీలైతే చక్రాల కుర్చీలో అవ్వను ఒకసారి తీసుకెళ్ళండి. అక్కడ ఆమె వయసువాళ్ళు తగిలితే మీరు పక్కకు తప్పుకుని టీ తాగండి.

అసలు వెతకనే వద్దా అంటే, ఒక దారి ఉంది. అది కూడా ఇంటివాళ్ళ ద్వారానే. సద్దాం కాలంలోనూ ఆ తర్వాతా ఇరాక్ వదిలిన ముస్లింలు లండన్‌లో చాలామంది ఉన్నారు, ఇరాక్ యూదులూ అక్కడ ఉన్నారు. బాగ్దాద్‌లో కలవలేనివాళ్ళు అక్కడ ఒకే కొట్టులో సరుకులు కొనుక్కుంటున్నారు. ఈ కుటుంబానికి లండన్‌లో చుట్టం ఎవరైనా ఉంటే, ఆయన తనకు బాగా తెలిసిన పెద్దమనిషిని నోటిమాటగా అడగొచ్చు: ఫలానా మహల్లాలో ఫలానావాళ్ళ కుటుంబం ఇరాక్ బయట ఎక్కడైనా స్థిరపడిందా అని. ఫొటో పంపకూడదు. ఇజ్రాయెల్ నంబరు ఇవ్వకూడదు. బాగ్దాద్‌లోనే ఉన్నారని తెలిస్తే అక్కడితో ఆపేయాలి. బయట ఉన్నారని తెలిసినా వాళ్ళు మాట్లాడతామంటేనే ముందుకు వెళ్ళాలి. బాగ్దాద్‌కి వచ్చిపోయేవాళ్ళయితే వాళ్ళకూ చట్టం భయం ఉంటుంది, జవాబు రాకపోతే దాన్ని ద్వేషమని అవ్వకు చెప్పకండి. ఒకవేళ ఎవరైనా దొరికి, మొదటి మాటే గాజా గురించి వస్తే కంగారు పడకండి. వస్తుంది, రాకుండా ఎలా ఉంటుంది? మధ్యలో మీరు ఏ పక్షమూ తీసుకోవద్దు, ఫోన్ మనవరాలి చేతికిచ్చెయ్యండి.

చివరికి, రాత్రిపూట నిలదీయడం గురించి. అప్పుడు మీరు ఆ స్నేహితురాలిగా నటించి "తప్పయింది, క్షమించు" అని చెప్పాలనిపిస్తుంది. అవ్వ శాంతించి పడుకుంటుంది కూడా. అయినా వద్దంటాను. చెయ్యని తప్పును ఆ మనిషి తరఫున మీరు ఒప్పుకున్నట్టవుతుంది, రేపు అవ్వ దాన్నే నిజమని పట్టుకుంటుంది. "నేను ఆమెను కాదు, కేర్‌గివర్‌ని" అని సరిదిద్దబోయినా గొడవే, అర్ధరాత్రి ఆమెకు అది వినపడదు. చెయ్యి పట్టుకుని "నువ్వు గడప దగ్గర ఎంతసేపు చూశావు అవ్వా?" అనండి. ఆమె చెప్పుకుపోతుంది, మీరు ఊఁ కొట్టండి. నాన్న రానివ్వలేదేమో అని ఎప్పుడైనా ఒక మాట అనిచూడొచ్చు, ఒప్పించాలని మాత్రం చూడకండి.

ఇంకోటి. ఈ రాత్రి తికమక ఈ మధ్యే మొదలైందా, లేక హఠాత్తుగా ఎక్కువైందా అన్నది మీరు రాయలేదు. అలా అయితే దాన్ని పాత జ్ఞాపకాల మీదికి నెట్టేయకండి. ఈ వయసులో మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చినా, కొత్త మాత్ర పడకపోయినా మనుషులు ఇలాగే ఒకరిని ఒకరనుకుంటారు. రేపే కొడుక్కి చెప్పి డాక్టరుకు చూపించండి, వాడుతున్న మందులన్నీ వెంట తీసుకెళ్ళండి.